యాత్రికుని బండి ఎచ్చట నిలువవలయును?

అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనమునకై దూరప్రాంతములనుండి వచ్చువారికి శ్రీకాకుళమునందు మొదట కలుగునది దైవదర్శనము కాదు. బండి నిలుపుటకు చోటు లేదను మాట. రథసప్తమినాడు ఈ మాట ఎవరికిని క్రొత్త కాదు. 2025లో ఆ యుత్సవమును ప్రభుత్వము రాష్ట్రపండుగగా జరిపించినది. కీర్తి పెరిగినది, జనము పెరిగినది, బండ్లు పెరిగినవి; బండ్లు నిలుచు నేల మాత్రము పెరుగలేదు. పండుగనాడు పోలీసువారు త్రాళ్లుకట్టి కొన్ని ఖాళీస్థలములను చూపింతురు; మరునాడు ఆ త్రాళ్లు విప్పివేయుదురు. తక్కిన ఆదివారములయందు వచ్చిన బస్సు వచ్చినట్లే వీధిలో జొరబడి, వెనుకకు పోలేక, ముందునకు సాగలేక, నాగలితో సహా సందులో చిక్కిన ఎద్దువలె నిలిచిపోవుచున్నది.

ఈ వ్యాధికి మందు పట్టణములో వెదకి లాభము లేదు. పట్టణమునకు వెలుపల, ఎచ్చెర్లయొద్ద, వెదకవలయునని మా అభిప్రాయము.

ఈ మధ్య ‘కారవాను’ అను పేరు విరివిగా వినవచ్చుచున్నది. మంచము, వంటయిల్లు, స్నానపుగది అన్నియు చక్రములమీద అమర్చిన యిల్లు అది. కేరళప్రభుత్వము 2021లో ‘కేరవాన్ కేరళ’ యను పేర దీనిని ప్రోత్సహింప నారంభించినది. మన రాష్ట్రమునందును పర్యాటకమును గూర్చి మాటాడువారందరు దీని నొక నూతనావిష్కారమువలె వర్ణించుచున్నారు. వారు ఒక్కసారి మన జాతీయరహదారిపై నిలిచి చూచిన బాగుండును. పూరీజగన్నాథము మొదలు రామేశ్వరమువరకు పోవు ఒడియా, వంగదేశపు యాత్రికుల బస్సులు ఎన్ని యేండ్లనుండి ఈ త్రోవను పోవుచున్నవి! బియ్యపుబస్తాలు, గంగాళములు, గ్యాసుపొయ్యి, చాపలు, వంటవాడు, ఆ బస్సులోనే. చెట్టునీడ కనబడినచోట దిగి వండుకొందురు. రాత్రి యైనచోట పండుకొందురు. ఇది బీదవాని కారవాను. ధనికుని కారవానులో మరుగుదొడ్డి యుండును, బీదవానిదానిలో నుండదు. మనము యోచింపవలసిన భేదము ఇదియే.

శ్రీకాకుళము మోటారుబండ్ల కొరకు కట్టిన ఊరు కాదు. నాగావళీతీరమున సర్కారుకు ముఖ్యస్థానముగా నుండి, 1641లో కట్టిన జామియా మసీదును నేటికిని నిలుపుకొన్న పాతపట్టణమిది. ఏడురోడ్ల కూడలియొద్ద ఊరివారి బండ్లే ఒకదానినొకటి తప్పించుకొనలేక యుండగా, పండ్రెండుమీటర్ల బస్సు అచ్చటికి వచ్చి తిరుగుట యెట్లు? వీధులు వెడల్పు చేసిన చాలునని కొందరందురు. వీధి వెడల్పు చేయుటయనగా చిన్న అంగడివాని ముంగిలి పడగొట్టుట. అట్లు సంపాదించిన నేలమీద మొదటి మాసముననే మరి రెండు వరుసల బండ్లు నిలుచును. ఊరిని బండికి తగునట్లు కొట్టుటకంటె బండిని ఊరిబయట నిలుపుట సులభము, చౌక, న్యాయము.

ఎచ్చెర్లనే యేల సూచించుచున్నాము? విశాఖపట్టణమునుండి వచ్చు వాహనము పట్టణములోనికి తిరుగకమునుపే తగులు మండలకేంద్రమది, జాతీయరహదారికి చేరువనున్నది, పట్టణమునకు పది పండ్రెండు కిలోమీటర్లలోపు దూరము. అంబేడ్కరు పేరిట 2008లో నెలకొన్న విశ్వవిద్యాలయము అచ్చటనే యుండుటచే విద్యార్థులకొరకు బస్సులు, ఆటోలు తిరుగుచునే యున్నవి. అచ్చట బండి విడిచినవానికి ఒకదిక్కున అరసవల్లి, శ్రీకూర్మము, మరియొకదిక్కున పొందూరు, వంశధారాతీరమున శాలిహుండము, ముఖలింగము అన్నియు దినప్రయాణమునకు అందుబాటులోనివే. ఒడిషావైపునుండి వచ్చువారు పట్టణమును దాటి ఎచ్చెర్లకు పోయి మరల వెనుకకు వచ్చుట కష్టమనువారి మాట నిజమే. వారికొరకు నరసన్నపేటవైపున రెండవస్థలము కావలయును. కాని రెండును ఒక్కసారి కావలయునని పట్టుబట్టి ఒక్కటియు లేకుండ చేసికొనుట మనకలవాటు. మొదట ఒకటి కానిండు.

చట్టము అడ్డువచ్చునేమో యని కొందరు అధికారులు సందేహింతురు. ఈ వ్యాసకర్త వృత్తిచే న్యాయవాది యగుటచే ఆ మాటకు కొంత వివరముగ సమాధానము చెప్పవలసియున్నది. 1988నాటి మోటారు వాహనముల చట్టమునందు 117వ సెక్షను చదువుడు. రాష్ట్రప్రభుత్వము గాని, దానిచే నధికారము పొందినవారు గాని, స్థానికసంస్థతో సంప్రదించి, మోటారుబండ్లు నిలువదగిన చోట్లను నిర్ణయింపవచ్చునని అందు స్పష్టముగ నున్నది. అదే చట్టములోని 122వ సెక్షను ఇతరులకు అడ్డముగ, అపాయకరముగ బండిని విడుచుటను నిషేధించుచున్నది. మనయొద్ద జరుగుచున్నదేమనగా, 122 ప్రతిదినము పనిచేయుచున్నది, 117 నిద్రించుచున్నది. నిలువదగినచోటు చూపకయే నిలువరానిచోట నిలిచినావని జరిమానా వేయుట చట్టమునకు సగము మాత్రమే విధేయత. పరాయిభాష మాటాడు చోదకుడు రసీదు చేతబట్టుకొని, తాను చేసిన తప్పేదో తెలియక దిక్కులు చూచుట ఉత్సవసేవకు పోయిన ప్రతి స్వచ్ఛందసేవకుడును ఎరిగినదే.

ఇక గ్రామపంచాయతీ సంగతి. 1994నాటి మన పంచాయతీరాజ్ చట్టము బండ్లస్టాండులను ఏర్పరచి రుసుము వసూలుచేయు అధికారమును పంచాయతీకి ఇచ్చుచున్నది. ఎడ్లబండ్ల కాలపు చట్టములనుండి వచ్చిన ఆ మాటలో మోటారుబండ్లును చేరునని చట్టమే చెప్పుచున్నది. కావున ఎచ్చెర్ల పంచాయతీ ఎవరిని దేహి యని యాచింపనక్కరలేదు. బండ్లు వచ్చుటచే కలుగు చెత్త యెవరి యూరిలో పడునో, రుసుము ఆ యూరికే చెందవలయును. దీనిని ఏటేట పాటపెట్టి ఒక గుత్తేదారుచేతిలో పెట్టుట మాత్రము వలదు. పాట పాడినవాడు పండుగ మూడుదినములలో ఏడాదిసొమ్ము పిండుకొనజూచును. మరుగుదొడ్లు కడుగుట వానికి నష్టము.

స్థలమనగా నాలుగువైపుల కంచెవేసి చీటీలు కోయు మైదానము కాదు. బండి నిలుపుట సగముపని. బండిలోని మనుష్యుల సంగతి తక్కిన సగము. వేకువజామున నాలుగుగంటలకు ఒక బస్సు వచ్చినదనుకొందము. అందు నలుబదిమంది, వారిలో సగమునకుపైగా స్త్రీలు, వారిలో వృద్ధులు. తెల్లవారకముందే చీకటిమాటున పొలముగట్లకు పోవలసిన దుర్గతి వారికేల? ఎవరి పొలముగట్టు అది? పామున్నదో, బావియున్నదో ఎవరికి తెలియును? కావున మొదట కావలసినది స్త్రీలకు ప్రత్యేకముగ, రాత్రియంతయు తెరచియుండు, నీరుగల మరుగుదొడ్లు. తరువాత త్రాగునీరు. తరువాత రేకులకప్పుక్రింద వంటకు వేదికలు. ఏలయన బస్సుప్రక్కననే గ్యాసుపొయ్యి వెలిగించుట డీసెలుపీపాప్రక్కన దీపారాధన చేయుటవంటిది. చోదకునకు నిద్రించుటకు కాళ్లు చాపుకొను తావు కావలయును. యాత్రికులు దర్శనముచేసివచ్చువరకు చక్రముపై తలవాల్చి కునుకుతీసినవాడే ఆ రాత్రి వారిని మరియొక నాలుగువందల కిలోమీటర్లు నడిపించుకొనిపోవును. వాని నిద్ర వాని సొంతవిషయము కాదు.

నిజమైన కారవానులకు మరియొకటి అవసరము. వానిలోని మలినజలము ఒక తొట్టిలో చేరును. ఆ తొట్టి ఎచ్చటనో ఖాళీచేయక తప్పదు. ఫ్రాన్సుదేశమునందు చిన్న చిన్న ఊళ్ల పురపాలకసంఘములు సైతము ఇట్టి బండ్లకు ఊరంచున స్థలము చూపి, మంచినీరు పట్టుకొనుటకును మలినజలము విడుచుటకును అమరికలు చేసినవి. మనయొద్ద అది లేకున్న ఏమగును? రహదారిప్రక్క కాలువలో వదలుదురు. కాలువ చెరువునకు పోవును. చెరువు మన పశువులు త్రాగునది.

దూరదేశపుమాట యేల? మన జిల్లానుండి ఏటేట శబరిమలకు పోవు దీక్షాపరులు నిలక్కల్ ఎరుగనివారు కారు. 2018 ఆగస్టు వరదలు పంపాతీరమును అస్తవ్యస్తము చేసినపిదప నిలక్కల్‌ను మూలస్థావరముగ చేసిరి. పెద్దబండ్లు అచ్చట నిలిపి, కేరళ రవాణాసంస్థ బస్సులలో ఇరువదికిలోమీటర్లకుపైగా పోయి పంపను చేరుచున్నారు. మొదట అందరును గొణిగిరి; తరువాత అలవాటుపడిరి. మనవారు అచ్చట వరుసలో నిలిచి బస్సెక్కుటకు సిగ్గుపడనప్పుడు ఇచ్చట సిగ్గుపడుటేల? కాని ఈ యుదాహరణమునుండి గ్రహింపవలసిన నీతి మరియొకటి యున్నది. అనుసంధానపు బస్సు వెంటవెంట రాకున్న స్థావరమే చెరసాల యగును. ఎచ్చెర్లనుండి అరసవల్లికి వేకువనుండి రాత్రి స్వామివారి తలుపులు మూసినపిదపవరకు ఆర్టీసీ బస్సులు నడువవలయును. రానుపోను చార్జీ పార్కింగుచీటీలోనే కలిపివేయవలయును. లేనిచో చీటీకొకడు, ఆటోకొకడు, చెప్పులకొకడు యాత్రికుని చేయిచాపి పట్టుకొందురు.

అరసవల్లిలోని అంగడివారు తమకు బేరము పోవునని భయపడవచ్చును. బస్సు గుడిముందు నిలిచినంతమాత్రమున బేరము పెరుగదు. బస్సు అడ్డముగ నిలిచిన అంగడికి ఎవరు వత్తురు? నడచివచ్చువాడే ఆగును, చూచును, కొనును. వృద్ధులకు, వికలాంగులకు మాత్రము చిన్నవాహనములను గుడివరకు విడువవలసినదే. ఆ మినహాయింపును నాయకుల బంధువులకు విస్తరింపజేయుటయే మనకు పరిచితమైన రోగము.

స్థలమును ఎన్నుకొనునప్పుడు ఒక హెచ్చరిక. ఖాళీగా కనబడునది గదా యని చెరువుగర్భమునో, పశువుల మేతబీడునో చదునుచేయ బూనరాదు. ఊరుమ్మడి భూములను ఆక్రమింపరాదని సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమునందు 2011లో తీర్పు చెప్పియున్నది. పార్కింగుస్థలము పేరిట పోయిన చెరువు పండుగ పిదప తిరిగిరాదు. శాశ్వతమైన కట్టడములకు కొద్దిపాటి మెట్టనేల చాలును. రథసప్తమి రద్దీకి అదనపునేల కావలసిన, వరికోతలైన పొలములను రైతులకు ముందుగ కౌలు చెల్లించి మూడుదినములకు తీసికొనవచ్చును. వరికోతకు ముందే పెసలు, మినుములు చల్లుకొన్న చేలను మాత్రము ముట్టరాదు. పైకి బీడువలె కనబడినను అందు రైతు రెండవపంట మొలచుచుండును.

2025 నవంబరు 1న మన జిల్లాలోనే, కాశీబుగ్గ దేవాలయమున తొక్కిసలాటలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. దాని కారణములు వేరు కావచ్చును. కాని జనమెంత వచ్చునో ముందుగా లెక్కింపక, వచ్చినపిదప తలపట్టుకొను పద్ధతి ఒక్కటే. ఊరిబయట బండ్లు నిలుచుచోటు ఉన్నయెడల ఎన్నిబస్సులు వచ్చినవో, ఎందరు ఎక్కిరో, ఎందరిని కొంతసేపు ఆపవలయునో గుడిద్వారముకడకు రాకముందే తెలియును. ఆపుటకు నీడయు, నీరును ఉన్నచోట ఆపుట వేరు. ఇరుకుమెట్లమీద ఆపుట వేరు.

స్థలము కుదిరినపిదప అచ్చట పొందూరు ఖద్దరునకు ఒక చిన్న అంగడి పెట్టించుట మంచిది. వాలుగచేప దవడయెముకతో దూది శుభ్రపరచి నూలు వడకు ఆ నేర్పు ఇంతదూరము వచ్చిన వంగీయునకు తెలియకయే పోవుచున్నది.

కలెక్టరుగారును, రవాణాశాఖవారును, ఎచ్చెర్ల పంచాయతీయు కూర్చుండి 117వ సెక్షను క్రింద ప్రకటన వెలువరించుటకు మాఘమాసము వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. కార్తికముననే ఆ పని ముగింపవలయును. రహదారిపై రెండుకిలోమీటర్లు ముందుగనే గుర్తుపలక నిలుపవలయును. స్థలమున గోడపై రుసుమెంతో, చివరిబస్సు ఎప్పుడో, మరుగుదొడ్ల తాళపుచెవి రాత్రివేళ ఎవరియొద్ద నుండునో, తెలుగునందును, ఒడియా, బంగాళీ, హిందీ భాషలయందును పెద్దయక్షరములతో వ్రాయింపవలయును.