పిల్లల కాలు బెణికితే ఎక్స్‌రే అవసరమా?

పరుగులో ఉన్న పిల్లవాడి పాదం లోపలివైపుకు మడతపడుతుంది. "అమ్మా!" అంటూ కూలబడతాడు. అరగంటలో చీలమండ పక్కన నిమ్మకాయంత వాపు తేలుతుంది. ఇంట్లో ఒకరు "ముందు ఎక్స్‌రే తీయించండి" అంటారు. మరొకరు "ఆముదం రాసి గట్టిగా రుద్దితే అదే సర్దుకుంటుంది" అంటారు. ఈ రెండు సలహాలూ వాపును చూసి ఇచ్చినవే. అసలు చూడవలసింది వాపును కాదు.

మా అనకాపల్లిలో ఈ దెబ్బలకు కొదవ లేదు. బడి వదిలాక కబాడీ, బొజ్జన్నకొండ మెట్ల మీద పరుగు పందాలు, వానాకాలంలో జారే పొలం గట్లు, ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. చోడవరం, మాడుగుల వైపు పల్లెల నుంచి పిల్లవాణ్ణి ఎత్తుకుని ఎక్స్‌రే కోసం రావాలంటే ఆ తండ్రికి ఒకరోజు కూలి పోయినట్లే. అవసరమైతే ఆ కూలి పోయినా రావలసిందే. అవసరం లేకపోతే ఎందుకు పోగొట్టుకోవాలి? ఈ తేడా తెలుసుకోవడానికి ఒక చక్కని పద్ధతి ఉంది.

వాపు మోసం చేస్తుంది

చీలమండ దగ్గర ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీలుంటాయి. వీటిని బంధనాలంటాం. పాదం మడతపడినప్పుడు బయటివైపు బంధనాలు సాగి, కొన్ని పోగులు తెగుతాయి. ఇదే బెణుకు. తెగినచోట రక్తం చేరి వాస్తుంది, చర్మం నల్లగా కములుతుంది. కాబట్టి ఎముకకు ఏమీ కాకపోయినా పెద్ద వాపు రావచ్చు. ఎముక బీట వారినా చిన్న వాపే ఉండవచ్చు.

1992లో కెనడా దేశంలోని ఒట్టావా నగరంలో డాక్టర్ ఇయాన్ స్టీల్, ఆయన సహచరులు ఈ చిక్కు విప్పారు. చీలమండ దెబ్బతో వచ్చిన వారందరికీ ఎక్స్‌రేలు తీస్తుంటే, నూటికి పదిహేనుమందికి కూడా ఎముక విరగడం లేదని వారు గమనించారు. ఎవరికి తీయాలో తేల్చే కొన్ని సులభమైన గుర్తులు చెప్పారు. మొదట పెద్దవాళ్ల కోసం చెప్పినా, తరువాత పిల్లలలోనూ పరీక్షించారు. ఐదేళ్లు దాటిన పిల్లలకు ఇవి బాగా పనికి వస్తున్నాయి.

వేలితో పరీక్ష

చీలమండకు రెండు పక్కలా గుండ్రంగా పొడుచుకు వచ్చే ఎముకలను తడిమి చూడండి. ముందు దెబ్బ తగలని కాలిని నొక్కి చూపిస్తే పిల్లవాడికి భయం తీరుతుంది. తరువాత దెబ్బ తగిలిన కాలిలో ఆ ఎముకల కొనను, వాటి వెనక అంచును, కొన నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల వరకు వేలితో మెల్లగా నొక్కుతూ పోండి. నొక్కేటప్పుడు మీ చూపు పిల్లవాడి ముఖం మీద ఉండాలి. ఎముక మీద నొక్కగానే ముఖం చిట్లిస్తే ఎక్స్‌రే కావాలి. ఎముక మీద కాక, దానికి ముందు, కింద మెత్తగా ఉండే చోట మాత్రమే నొప్పి ఉంటే అది చాలా వరకు బెణుకే.

పాదంలో మరో రెండు చోట్లు చూడండి. ఒకటి, పాదం బయటి అంచు మధ్యలో చేతికి తగిలే బుడిపె. రెండోది, లోపలివైపు చీలమండకు ముందు పాదం వంపు మీద ఉండే ఎముక. అక్కడ నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి.

నాలుగు అడుగుల పరీక్ష

దెబ్బ తగిలిన వెంటనే గాని, డాక్టరు చూసేటప్పుడు గాని పిల్లవాడు నాలుగు అడుగులు వేయగలిగాడా? కుంటుతూ వేసినా వేసినట్లే లెక్క. రెండుసార్లూ వేయలేకపోతే ఎక్స్‌రే అవసరం. బలవంతాన మాత్రం నడిపించవద్దు.

ఎముక మీద నొప్పి లేక, నాలుగు అడుగులు వేయగలిగితే ఎముక పెద్దగా విరిగి ఉండే అవకాశం బహు తక్కువ.

ఈ పరీక్షలతో ఆగకూడని సందర్భాలున్నాయి. ఐదేళ్లలోపు పిల్లలు, నొప్పి చెప్పుకోలేని పిల్లలు, ఒంటి మీద వేరే పెద్ద దెబ్బలున్నవారు డాక్టరు వద్దకు రావాలి. పాదం వంకర తిరిగినా, గాయంలో ఎముక కనిపించినా, వేళ్లు చల్లబడి నీలంగా మారినా, స్పర్శ తెలియకపోయినా ఒక్క క్షణం ఆగవద్దు. దెబ్బ తగలకుండానే కీలు వాచి, జ్వరంతో పిల్లవాడు కుంటుతుంటే దానిని బెణుకు అనుకోవద్దు. కీలులో చీము పట్టి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.

ఎక్స్‌రేలో ఏమీ లేదంటే?

పిల్లల ఎముక చివర పెరుగుదల జరిగే మెత్తని పొర ఒకటి ఉంటుంది. ఆడపిల్లల్లో సుమారు 14, 15 ఏళ్లకు, మగపిల్లల్లో 16, 17 ఏళ్లకు అది గట్టి ఎముకగా మారుతుంది. ఆ పొర మెత్తనిది కనుక దానికి దెబ్బ తగిలినా ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. మేము చదువుకునే రోజుల్లో "పిల్లలకు బెణుకు రాదు, ఆ పొరే దెబ్బతింటుంది" అని చెప్పేవారు. ఇటీవల ఎమ్మారై పరీక్షలు చేసి చూస్తే, బయటివైపు నొప్పి ఉండి ఎక్స్‌రే బాగున్న పిల్లల్లో ఎక్కువమందికి ఉన్నది బెణుకేనని తేలింది. బయటి ఎముక పొరకు చిన్న దెబ్బ తగిలినా కొద్ది వారాల్లో చక్కగా మానుతుంది. లోపలివైపు పెద్ద ఎముక పొర దెబ్బతింటే మాత్రం కాలు వంకరగా గాని పొట్టిగా గాని పెరగవచ్చు. అందుచేత ఎక్స్‌రే బాగున్నా ఎముక మీద నొప్పి వారం దాటితే మళ్లీ చూపించాలి.

ఎక్స్‌రే కిరణాలకు భయపడి మానవద్దు. చీలమండ ఎక్స్‌రేతో తగిలేది, ప్రకృతిలో ఒక్కరోజులో మన ఒంటికి తగిలే కిరణాల కన్నా తక్కువే.

ఇంట్లో చేయవలసినవి

మొదటి రెండు మూడు రోజులు కాలికి విశ్రాంతి ఇవ్వండి. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు పెట్టండి. ఐసు ముక్కను నేరుగా చర్మం మీద ఉంచవద్దు. పడుకున్నప్పుడు కాలి కింద దిండు పెట్టండి. నొప్పికి పారాసిటమాల్ చాలు. 20 కిలోల పిల్లవాడికి ఒక మోతాదు 250 మిల్లీగ్రాములు. ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగు మోతాదులు మించకూడదు. ఆస్పిరిన్ ఇవ్వవద్దు. ఈ రోజుల్లో వేడి కాపడం, నూనె మర్దన రెండూ వాపును పెంచుతాయి.

కట్టు విషయంలో మరీ జాగ్రత్త. పుత్తూరు కట్టు పేరు వినని వారుండరు. కాని ఎవరు కట్టినా, నాటుకట్టయినా సిమెంటు కట్టయినా క్రేప్ బ్యాండేజీ అయినా, బిగుతయితే ప్రమాదమే. రక్తం ఆడక పాదం కుళ్లే స్థితి రావచ్చు. కట్టు కట్టాక వేలి గోరు నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. వేళ్లు కదపగలగాలి. రాత్రి పిల్లవాడు నొప్పితో మెలికలు తిరుగుతుంటే "తెల్లవారాక చూద్దాం" అనవద్దు. ముందు కట్టు విప్పండి. సిమెంటు కట్టయితే అప్పటికప్పుడే ఆసుపత్రికి బయలుదేరండి.

బెణుకే అనుకున్నా, మూడో రోజుకు కాలు నేల మీద మోపలేకపోతే డాక్టరుకు చూపించండి. నొప్పి లేకుండా నడిచి, పరిగెత్తి, ఒంటికాలి మీద గెంతగలిగే దాకా ఆటలకు పంపవద్దు.