నడక బాట గీసే ముందు ఎవరిని అడగాలి? సూరత్ ఉదాహరణ

జీఎస్ పేపర్-2 జవాబు ముగింపులో మనలో చాలామంది 'ప్రజా భాగస్వామ్యం పెంచాలి' అని ఒక వాక్యం రాసి పెన్ను మూసేస్తాం. ఆ వాక్యం తప్పు కాదు. కానీ ఎవరి భాగస్వామ్యం, ఏ దశలో, ఏ వేళకు అన్నది రాయకపోతే దానికి మార్కులూ రావు, నగరానికి మేలూ జరగదు. ఈ మూడు ప్రశ్నలకు సూరత్‌ను తీసుకుని నా జవాబు చెబుతాను. మీరు ఒప్పుకోకపోతే వాదించండి.

ముందు నేల ఎలా ఉందో చూడండి. సూరత్ తాపీ నది ఒడ్డున ఉంది. నగరంలో 'ఖాడీలు' అనే వాగులు కూడా పారుతున్నాయి. అల్థాన్, భీమ్‌రాడ్ వైపు కాంకరా ఖాడీ పక్కన మునిసిపల్ కార్పొరేషన్ బయోడైవర్సిటీ పార్కు కట్టింది. అందులో నడక దారులు, సైకిల్ ట్రాక్ ఉన్నాయి. తాపీ రివర్‌ఫ్రంట్ ప్రణాళిక ఏళ్లుగా చర్చలో ఉంది. 1930 దండి యాత్ర దాదాపు 385 కిలోమీటర్లు సాగి, సూరత్ జిల్లా మీదుగానే దండి చేరింది. నది, ఖాడీలు, దండి బాట: ఈ మూడింటినీ నడక, సైకిల్ దారులతో కలిపితే ఒక ప్రాంతీయ వినోద కారిడార్ అవుతుంది. ఇది నా ఆలోచన, ప్రభుత్వ పథకం కాదు.

గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే చిక్కు. కొత్తగా పెరిగిన కాలనీల పక్కన గీయడం సులువు. స్థలం ఉంటుంది, అభ్యంతరాలు తక్కువ. కానీ మీఠీ ఖాడీ పారే లింబాయత్ వైపు చూడండి. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో పవర్‌లూమ్ కార్మికులు, వారి కుటుంబాలు కిక్కిరిసి ఉంటాయి. తెలంగాణ నుంచి వలస వచ్చిన మన నేత కుటుంబాలు, ఒడియా, మరాఠీ కుటుంబాలు అందులో ఉన్నాయి. పార్కు అవసరం ఎక్కువ ఉన్నది వీరికే. సంప్రదింపుల సమావేశానికి రాలేనిదీ వీరే. మగ్గం షిఫ్టు సాధారణంగా 12 గంటలు. మంగళవారం ఉదయం 11 గంటలకు కార్పొరేషన్ హాల్లో సభ పెడితే పగటి షిఫ్టు వాళ్లు మగ్గం దగ్గర, రాత్రి షిఫ్టు వాళ్లు నిద్రలో ఉంటారు. మినిట్స్‌లో మాత్రం 'అభ్యంతరాలు రాలేదు' అని నమోదవుతుంది.

చట్టం ఏం చెబుతోంది? గుజరాత్ టౌన్ ప్లానింగ్ చట్టం, 1976 ప్రకారం ముసాయిదా అభివృద్ధి ప్రణాళికను ప్రచురించి, సలహాలు, అభ్యంతరాలకు 2 నెలల గడువు ఇవ్వాలి. మంచిదే. అయితే అప్పటికే గీత గీసి ఉంటుంది. ఇంజినీరింగ్ చదివినవారికి తెలుసు, అలైన్‌మెంట్ ఒకసారి డ్రాయింగ్‌లోకి ఎక్కాక దాన్ని కదపడానికి ఎవరూ ఇష్టపడరు. 74వ సవరణ తెచ్చిన 243ఎస్ ప్రకారం 3 లక్షల పైన జనాభా ఉన్న మునిసిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలి. 2011లోనే 44 లక్షలు దాటిన సూరత్ లాంటి నగరంలో గీతకు ముందు జరగాల్సిన చర్చకు వార్డు స్థాయే సరైన వేదిక. కారిడార్ నగర హద్దు దాటితే 243జెడ్‌ఈ చెప్పే మెట్రోపాలిటన్ ప్రణాళికా కమిటీ కావాలి. అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది ఎన్నికైన వారే ఉండాలి.

ముందే అడగకపోతే ఏమవుతుంది? అహ్మదాబాద్‌లో సబర్మతి రివర్‌ఫ్రంట్ కోసం వేల కుటుంబాలు ఒడ్డు వదిలాయి. పునరావాసం కోసం హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. అట్లాంటా బెల్ట్‌లైన్ మరో పాఠం. 1999లో ర్యాన్ గ్రావెల్ అనే విద్యార్థి థీసిస్‌గా పుట్టిన ఆ బాట పక్కన ఇళ్ల ధరలు పెరిగాయి. పేదలకు ఇళ్ల విషయంలో శ్రద్ధ చాలడం లేదంటూ గ్రావెల్ స్వయంగా 2016లో దాని బోర్డు నుంచి తప్పుకున్నారు. బాట అందంగా వచ్చినంత మాత్రాన న్యాయంగా వచ్చినట్టు కాదు.

'అందరినీ అడుగుతూ కూర్చుంటే పని ఎప్పుడు అవుతుంది?' అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీటికి సూరత్‌లో అధిక భాగం మునిగింది. వరద నీరు పోవడానికి ఖాడీకి ఎంత వెడల్పు కావాలన్నది ఓటింగ్‌తో తేల్చే విషయం కాదు, అది హైడ్రాలజీ. కాబట్టి ఏది చర్చకు ఉంది, ఏది లేదన్నది మొదటి రోజే చెప్పాలి. వరద హద్దు చర్చకు లేదు. బాట ఏ బస్తీ మీదుగా వెళ్లాలి, గేట్లు ఎక్కడ, దీపాలు ఎక్కడ, చాయ్ బండి ఎక్కడ నిలవాలి, ఆడవాళ్లు ఏ మలుపు దగ్గర భయపడతారు, ఇవన్నీ చర్చకు ఉన్నాయి. వీటికి జవాబు అక్కడ ఉండేవారికే తెలుసు.

నా ప్రతిపాదనలు మూడు. ఒకటి, అలైన్‌మెంట్‌కు ముందే కనీసం రెండు ప్రత్యామ్నాయ గీతలను వార్డుల్లో చూపించాలి. రెండు, షిఫ్టు మారే వేళ, ఫ్యాక్టరీ గేటు దగ్గరే అభిప్రాయాలు తీసుకోవాలి. సూరత్ కార్పొరేషన్ తెలుగు, ఒడియా, మరాఠీ మాధ్యమాల్లో బడులు నడుపుతోంది. బడి నడపగలిగిన భాషలో నోటీసు వేయడం కష్టం కాదు. మూడు, వచ్చిన ప్రతి సలహాకూ తీసుకున్నాం, లేదా ఈ కారణంతో తీసుకోలేదు అని రాతపూర్వక జవాబు వార్డు ఆఫీసులో అంటించాలి. వీధి వ్యాపారుల చట్టం, 2014 పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలంది. బాట నిర్వహణ కమిటీలో బస్తీ వాసులకూ అలాంటి వాటా ఉండాలి.

ఇది ఊహాలోకం కాదు. 1994 ప్లేగు తర్వాత కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను ఏసీ గదుల నుంచి వీధుల్లోకి దింపారు. జనం దగ్గరికి యంత్రాంగం వెళ్లడం ఈ నగరం ఒకసారి చూసింది. చెత్త కోసం వెళ్లిన యంత్రాంగం నడక బాట కోసమూ వెళ్లగలదు.

రేపు మనలో కొందరు ఆ కుర్చీలో కూర్చుంటారు. 'అభ్యంతరాలు రాలేదు' అన్న ఫైలు మీ ముందుకు వచ్చినప్పుడు సంతకానికి ముందు ఒక్క ప్రశ్న వేయండి: సభ ఎన్ని గంటలకు పెట్టారు?

సాధన ప్రశ్న: 'పట్టణ ప్రణాళికలో ప్రజా సంప్రదింపులు ఎందుకు లాంఛనంగా మిగిలిపోతున్నాయి? రాజ్యాంగ నిబంధనల ఆధారంగా చర్చించండి.' 250 పదాలు, 15 మార్కులు. రాసి చూడండి.