టీచరు అలసటకు జమాఖర్చు

ఏప్రిల్ మూడో వారం దాటేసరికి ఎస్.రాయవరం మండలంలో రెండు పనులు ఇంచుమించు ఒకేసారి ఆగిపోతాయి. రేవుపోలవరం, బంగారమ్మపాలెం తీరాన ఇంజిను పడవలు ఒడ్డెక్కుతాయి. జాతీయ రహదారికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో బడులకు తాళాలు పడతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. వేసవి సెలవులు కూడా దాదాపు ఆ రోజుల్లోనే. ఆ సెలవులకు టీచరుకు జీతం పడుతుంది. వేట ఆగిపోయిన మత్స్యకార కుటుంబానికి వచ్చేది భృతి, 2025లో పెంచిన తర్వాత కూడా అది 20 వేల రూపాయలే. ఈ రెండూ పక్కపక్కనే కనిపించే చోట టీచరు 'ఏడాదంతా చాకిరీ చేసి అలిసిపోయాం' అంటే వినే చెవి దొరకదు. దొరకనందుకు ఊరిని తప్పుపట్టనూ లేం. అయినా ఆ మాట అబద్ధం కాదు. అలసట నిజం, దానిలో పెద్ద వాటా పాఠం చెప్పినందువల్ల కాక, పాఠం చెప్పనివ్వనందువల్ల వచ్చింది. ఆ వాటాకు టీచరు ఎవరినీ జాలి అడగక్కర్లేదు. ప్రభుత్వమే జవాబు చెప్పుకోవాలి.

ముందు టీచర్లను తప్పుబట్టేవారి వాదన చూద్దాం, అందులో బలముంది. 2022 వేతన సవరణ ప్రకారం సెకండరీ గ్రేడ్ టీచరు మూల వేతనం 32,670 రూపాయల దగ్గర మొదలవుతుంది, స్కూల్ అసిస్టెంటుకు 44,570 దగ్గర. దసరాకు, సంక్రాంతికి, వేసవికి సెలవులు. అవి కాక 15 క్యాజువల్ లీవులు, 7 స్పెషల్ క్యాజువల్ లీవులు. ఐదో తరగతి వరకు విద్యాహక్కు చట్టం అడిగేది ఏడాదికి 200 పని దినాలు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220. పక్కనే అచ్యుతాపురం సెజ్ ఉంది. షిఫ్టు బస్సు కోసం తెల్లవారకముందే రోడ్డు మీదికొచ్చి నిలబడే అమ్మాయికి వేసవి సెలవులంటే చిన్ననాటి ముచ్చట. ఆ సెజ్‌లోనే 2024 ఆగస్టు 21న ఒక ఫార్మా కంపెనీలో జరిగిన పేలుడు 17 మందిని పొట్టన పెట్టుకుంది. ఏడాది తిరక్కుండానే, 2025 జూన్‌లో, ఫ్యాక్టరీల్లో రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఒంటి కష్టం, ప్రాణభయం కొలమానాలైతే టీచరు ఈ వరుసలో ఎక్కడో వెనక నిలబడాల్సిందే. పైగా సెలవుల్లో కూడా పని చేశామని చెప్పే మేష్టార్లను నమ్మే అలవాటు మనకు లేదు. ఈ ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడే, తానూ విజయనగరంలో పాఠాలు చెప్పినవాడై ఉండి, చదువు చెబుతానంటూ సెలవుల్లో శిష్యుడి వెంట పల్లెకు బయల్దేరిన గిరీశాన్ని మనకు చూపించి పోయాడు మరి.

అయితే ఈ వరుసలో ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చినందువల్ల ఎవరికి ఏం ఒరిగింది? అలసటను పందెం చేస్తే గెలిచేది ఒక్కరే, మిగిలినవాళ్ళంతా నోరు మూసుకోవాలి. టీచరుకు సెజ్ కార్మికురాలిని చూపిస్తారు. ఆమెకు కాంట్రాక్టు కూలీని చూపిస్తారు. అతనికి అసలు పనే దొరకనివాణ్ణి చూపిస్తారు. ఇంతా చేసి ఏ ఒక్కరి పనీ ఒక గంట తగ్గదు. పది గంటల పనిదినం కావాలనేవాళ్ళకు ఇంతకంటే అచ్చొచ్చిన వాదన ఉండదు. టీచర్ల సెలవులు చూసి కడుపు మండే కార్మికుడు ఆ మంటను యజమాని ముందు పెట్టాలి, తన పిల్లల బడి ముందు పెట్టి ప్రయోజనం లేదు. ఇటు టీచర్లూ ఒకటి మానుకోవాలి. అందరికంటే మేమే ఎక్కువ అలిసిపోయాం అన్న వాదన ఓడిపోతుంది, ఓడిపోవాలి కూడా. తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఈ అలసట దేనివల్ల వచ్చింది, అందులో తప్పించగలిగింది ఎంత?

పాఠం చెప్పడంలోని అలసటను తప్పించలేం. ఒకే గదిలో ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు కూర్చున్నాయనుకోండి. మూడో తరగతికి తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం చెబుతుంటే ఒకటో తరగతి పిల్లాడు పలక దిద్దమని వచ్చి చేయి పట్టుకు లాగుతాడు. ఇచ్చిన లెక్క అయిపోయిందని ఐదో తరగతి వాళ్ళు కేకలేస్తారు. వెనక వరుసలో పెన్సిలు కోసం మొదలైన తగాదా ఏడుపు దాకా వస్తుంది. ఇలాంటి బడులు ఎక్కడో ఒకటీ అరా కావు. 2024-25 యూడైస్ లెక్కల్లో దేశం మొత్తం మీద ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్ష దాటితే, అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువగా 12,912 మన దగ్గరే తేలాయి. అక్కడ టీచరు నీళ్ళు తాగడానికి పక్కకు వెళ్ళినా తరగతికి దిక్కుండదు. మెషీను ముందు కూర్చున్న మనిషి దాని మీద విసుక్కోవచ్చు. పిల్లాడి మీద విసుక్కోకూడదు సరికదా, ఆ విసుగు మొహంలో కూడా కనపడనివ్వకూడదు. అమెరికా సమాజశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ విమాన పరిచారికల ఉద్యోగాన్ని పరిశీలించి 1983లో వెలువరించిన పుస్తకంలో, లోపల ఉన్నదాన్ని అణుచుకుని ఉద్యోగం కోరిన మొహం పెట్టడం కూడా శ్రమేనని వాదించింది. నిజమే. కాకపోతే ఈ శ్రమ ఆసుపత్రిలో నర్సూ చేస్తుంది, ఆర్టీసీ కండక్టరూ చేస్తాడు. వాళ్ళకు వేసవి సెలవులు లేవు. అందువల్ల పాఠం తెచ్చే అలసటకు సెలవులే మందు, అవి ఉన్నాయి, దీని పేరు మీద సమాజం టీచరుకు కొత్తగా బాకీపడింది ఏమీ లేదు. ఆ సెలవులు మాత్రం ఊరికే వచ్చినవి కావని విమర్శకులు తెలుసుకోవాలి. బడిని వెకేషన్ డిపార్ట్‌మెంటుగా లెక్కవేసి, ఇతర ప్రభుత్వోద్యోగులకు ఏడాదికి 30 ఆర్జిత సెలవులు జమచేసే చోట టీచరుకు 6 మాత్రమే జమచేస్తారు. సెలవుల ఖరీదులో కొంత టీచరు ఇప్పటికే కట్టేశాడు.

అసలు తగువు మిగతా వాటా దగ్గర. మార్చి నడిమికి ఒంటిపూట బడులు వస్తాయి, ఉదయం 7.45 నుంచి 12.30 వరకు. పని సగానికి తగ్గిందని ఊరు అనుకుంటుంది. ఆ నెలన్నరలోనే పదో తరగతి పరీక్షలకు ఇన్విజిలేషను, స్పాట్ వాల్యుయేషను, సొంత బడిలో సమ్మేటివ్ పరీక్షలు, ఆ పేపర్ల కట్టలు, ఆన్‌లైన్‌లో మార్కులు, ప్రోగ్రెస్ కార్డులు, కొత్త పిల్లల కోసం ఇల్లిల్లూ తిరగడం వచ్చిపడతాయి. ఇంతవరకు బడి పనులే, కాదనడానికి లేదు. వీటి నెత్తిన మధ్యాహ్న భోజనం ఎందరు తిన్నారు, గుడ్లు ఎన్ని దిగాయి, చిక్కీలు ఎన్ని మిగిలాయి అన్న లెక్కలు. ఆధార్‌లో పిల్లాడి ఇంటిపేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉంటే అపార్ నంబరు రాదు. తండ్రిని పిలిపించి, మళ్ళీ ఎక్కించి, సర్వర్ కదిలేదాకా ఫోను పట్టుకుని కూర్చోవాలి. 2022 ఆగస్టులో ముఖ గుర్తింపు హాజరు పెట్టినప్పుడు సొంత ఫోన్లలో సొంత ఖర్చుతో ఆ యాప్ ఎందుకు మొయ్యాలని టీచర్లు తిరగబడ్డారు. మరుగుదొడ్ల ఫోటోలు తీసి పంపే పని ఉండేది, 2024లో దాన్ని తీసేశారు. 2025లో విడివిడి యాప్‌లను కలిపి 'లీప్' పేరుతో ఒకే యాప్ చేశారు. రెండూ మెచ్చుకోవాల్సినవే. కానీ యాప్ ఒకటైనంత మాత్రాన నింపాల్సిన గడులు తగ్గవు.

ఇదంతా చట్టానికి తెలియని సంగతా అంటే, అదీ కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే బోధనేతర పనికీ టీచర్లను వాడకూడదని సూటిగా చెప్పింది. ఎన్నికల పనినైనా సెలవు రోజుల్లో, బోధన లేని రోజుల్లో వెయ్యమని 2007లోనే సుప్రీంకోర్టు అంది. బోధనేతర పనుల నుంచి టీచర్లను తప్పిస్తున్నామంటూ రాష్ట్ర ప్రభుత్వం 2022 చివర్లో నిబంధనలు సవరించింది. కాగితం మీద లోటేమీ లేదు. ఆ కాగితం విలువ ఏపాటిదో మన ఉమ్మడి విశాఖ జిల్లాలోనే తేలింది. 2020 మే నెలలో లాక్‌డౌన్ సడలించి మద్యం దుకాణాలు తెరిస్తే, వాటి ముందు జనాన్ని వరుసలో నిలబెట్టే డ్యూటీ టీచర్లకు పడింది. మందు కొట్టు విపత్తు సహాయం కిందికి వస్తుందో రాదో అప్పట్లో ఏ అధికారీ వివరించలేదు. ఏ పనికీ ఎవరూ దొరక్కపోతే టీచరున్నాడు కదా అనుకునే ఈ ధోరణి పార్టీలు మారినా మారలేదు. ప్రతి శాఖకూ ఊళ్ళో చదువుకున్న మనిషి ఒకడు కావాలి, ప్రతి శాఖకూ కనబడేది బడే.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వినిపిస్తాయి. మొదటిది, అసలు టీచర్లు బడికి వస్తే కదా అలిసిపోవడానికి అని. 2003లో చెప్పాపెట్టకుండా బడులకు వెళ్ళి చూసిన దేశవ్యాప్త సర్వేలో నాలుగో వంతు మంది టీచర్లు కనిపించలేదు. ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు. కానీ 2017లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లో 619 బడులు చూసి, బడిలో లేనివారు ఎందుకు లేరని కూడా అడిగింది. కారణం లేకుండా ఎగ్గొట్టినవారు 2.5 శాతం. మిగతా వారు సెలవులోనో, శిక్షణలోనో, పైవాళ్ళు వేసిన మరో పనిలోనో ఉన్నారు. ఆ రెండున్నర శాతాన్ని శిక్షించండి, ఎవరూ అడ్డు రారు. మిగిలిన ఖాళీ కుర్చీలకు టీచరును నిందించి లాభం లేదు. రెండో ఆక్షేపణ, అంత కష్టమైతే మానెయ్యొచ్చుగా, బయట క్యూ ఉంది అని. ఉంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు 3 లక్షల మందికి పైగా పోటీపడ్డారు. కానీ క్యూ పొడుగు ఉద్యోగం ఎంత తేలికో చెప్పదు, బయట ఉద్యోగాలు ఎంత కరువో చెబుతుంది. తాగునీటి ట్యాంకరు ముందు క్యూ ఉందని నీళ్ళు బాగున్నాయని ఎవరూ అనరు కదా.

ఇంతదాకా టీచర్ల పక్షాన మాట్లాడాం. ఇక వాళ్ళు వినాల్సింది ఉంది. అదే బడిలో పొయ్యి వెలిగించి పిల్లలందరికీ వండి వడ్డించే మనిషికి నెలకు 3,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. మరుగుదొడ్లు కడిగే ఆయమ్మకు 6,000. ఉక్కపోతలో కట్టెల పొగ ముందు నిలబడ్డ ఆవిడ అలసట గురించి స్టాఫ్‌రూములో చర్చ జరగదు. ఇక ప్రైవేటు బడి టీచరు. అవే పాఠాలు, అవే పేపర్లు, అంతకంటే ఎక్కువ గంటలు. చాలా బడుల్లో నియామక పత్రం ఉండదు, వేసవిలో జీతం ఉండదు, అడ్మిషన్లు తేవాలన్న షరతు మాత్రం ఉంటుంది. 2020లో బడులు మూతపడితే వీళ్ళలో ఎందరో కూలి పనులకు పోయారు, పళ్ళ బండ్లు పెట్టుకున్నారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించాల్సి వచ్చిందంటే వాళ్ళ బతుకు ఎంత సన్నపు దారం మీద ఉందో తెలుస్తుంది. పీఆర్‌సీ, డీఏ బకాయిలు, బదిలీల కోసం ధర్నాలు చేసే ప్రభుత్వ టీచర్ల సంఘాల కోర్కెల పత్రాల్లో వీళ్ళకు దొరికే చోటు బహు తక్కువ. దొరికితే చివర్లో. అలసట పేరు చెప్పి ఊరి సానుభూతి కోరేవారు, తమ గోడ పక్కనే తమకంటే అలిసిపోయినవారిని చూడకపోతే ఆ సానుభూతి రాదు.

మరి ఏం చెయ్యాలి? ముందుగా కొలవాలి. విద్యాహక్కు చట్టం పాఠానికి సిద్ధమయ్యే సమయంతో కలిపి టీచరుకు వారానికి 45 గంటలు నిర్దేశించింది. వాస్తవంలో ఆ గంటలు ఎటు పోతున్నాయో బయటపెట్టే లెక్క జనం ముందు లేదు. జపానులో టీచర్లు వారానికి 56 గంటలు పనిచేస్తున్నారని, సర్వే చేసిన దేశాల సగటు 38 గంటల పైచిలుకేనని 2018 నాటి ఓఈసీడీ సర్వే తేల్చింది. లెక్క చేతిలో ఉండబట్టే అక్కడ తగ్గింపు గురించి వాదించగలుగుతున్నారు. మన విద్యాశాఖ కూడా ఏడాదిలో మూడు వారాలు, అందులో ఒకటి ఏప్రిల్‌లో, మండలానికి కొన్ని బడుల చొప్పున గంటల లెక్క తీసి ప్రకటించాలి. బోధనకు ఎంత, దిద్దడానికి ఎంత, ఫోను ముందు ఎంత. ప్రతి గ్రామ సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుడి పోస్టు ఉంది. గుడ్ల లెక్క, ఆధార్ సవరణ, కిట్ల పంపిణీ వివరాలు అతనికి అప్పగిస్తే కొత్త ఉద్యోగం సృష్టించక్కర్లేదు. ఐదు తరగతులున్న బడికి ఇద్దరు టీచర్ల కంటే తక్కువ ఉండకూడదన్న నియమానికి, పిల్లలు తగ్గారన్న సాకుతో మినహాయింపు ఇవ్వకూడదు. వంట మనిషికి, ఆయమ్మకు పన్నెండు నెలలూ డబ్బు పడాలి. ప్రైవేటు బడి గుర్తింపును రెన్యువల్ చేసే ముందు టీచర్ల బ్యాంకు ఖాతాల్లో మే నెల జీతం పడిందా లేదా అని విద్యాశాఖ చూడాలి. ఫీజు రసీదులు చూసే అధికారులకు ఇది చూడటం కష్టమేమీ కాదు. ఈ చివరి రెండు కోర్కెల కోసం ప్రభుత్వ టీచర్ల సంఘాలు ఈ వేసవిలోనే, తమ బకాయిల పత్రం కంటే ముందు, కలెక్టరేట్ దగ్గర ఒక పూట కూర్చోవాలి. సెలవులు వాళ్ళకే ఉన్నాయి కదా.