బెజవాడ యాత్రకు మే నెలా?

గత వారం హైదరాబాదు నుండి మా మేనల్లుడు ఫోను చేశాడు. మే మూడవ వారంలో మూడు రోజులు విజయవాడ చూడదలచారట. వాళ్లమ్మను, అంటే మా చెల్లెలిని కూడా వెంట తెస్తారట. పది గంటలకు ఇంద్రకీలాద్రి, మధ్యాహ్నం ఉండవల్లి గుహలు, మూడింటికి కొండపల్లి ఖిల్లా, సాయంత్రం భవానీ ద్వీపం. ఇదంతా మొదటి రోజు కార్యక్రమమే! మా చెల్లెలికి 71 ఏళ్లు. మధుమేహం, రక్తపుపోటు రెండూ ఉన్నాయి.

వద్దన్నాను. "పిల్లలకు సెలవులు అప్పుడే కదా మామయ్యా!" అన్నాడు. ఈ ఒక్క మాటతోనే మన కుటుంబాలు ఏటా వృద్ధులను కృత్తిక, రోహిణి కార్తెల ఎండలోకి ఈడ్చుకొని వస్తున్నాయి. పిల్లలకు దసరా సెలవులు లేవా? సంక్రాంతి సెలవులు లేవా? డెబ్బై దాటిన నాయనమ్మకు బడి సెలవులతో ఏమి నిమిత్తం?

బెజవాడను 'బ్లేజ్‌వాడ' అని పరిహసించడం పాత మాటే. ఊరి చుట్టూ రాతికొండలు. పగలంతా కాగిన రాయి రాత్రి ఆ వేడిని వదలుతుంది. మే నెలలో 45 డిగ్రీలు ఇక్కడివారికి వింత కాదు. దానికి తోడు డెల్టా గాలిలోని తేమ. చెమట ఆరినప్పుడే శరీరం చల్లబడుతుంది. తేమగాలిలో చెమట కారుతుందే గాని ఆరదు. పోనీ, నది అందమైనా దక్కుతుందా అంటే, ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక మేటలే అధికం. వేసవిలో డెల్టా కాలువలను కట్టివేస్తారు గనుక ఊరి నడుమ పారే ఏలూరు, బందరు, రైవస్ కాలువలు కూడా బోసిపోయి ఉంటాయి.

వయస్సు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. రక్తపుపోటుకు వాడే కొన్ని మాత్రలు మూత్రాన్ని అధికం చేసి ఒంటిలోని నీటిని, లవణాలను తగ్గిస్తాయి. దీర్ఘకాల మధుమేహంలో నరాలు దెబ్బతిని చెమట సరిగా పట్టదు. మందులు మానమని నా ఉద్దేశం కాదు. ప్రయాణానికి ముందే మీ వైద్యుణ్ణి అడగమంటున్నాను.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక మే నెల మధ్యాహ్నం, యాత్రకు వచ్చిన 68 ఏళ్ల స్త్రీని ఆసుపత్రికి తెచ్చారు. జ్వరమానిలో 106 డిగ్రీలు. పొంతన లేని మాటలు. దారిలో జ్వరమనుకొని పారాసిటమాల్ ఇచ్చారట, స్పృహ తప్పుతున్న మనిషి నోట మజ్జిగ పోశారట. వడదెబ్బను పారాసిటమాల్ తగ్గించదు. స్పృహ లేని వారి నోట పోసిన ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వెంటనే 108కి ఫోను చేసి, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా చన్నీళ్లు పోస్తూ విసరాలి. ఆమె మరునాటి తెల్లవారుజామున మరణించింది. 'గుండెపోటు' అని కుమారుడు బంధువులందరికీ చెప్పుకున్నాడు. ఆ దుఃఖంలో ఉన్నవాణ్ణి నేనేమనగలను? కాని ఆ మాట విన్న బంధువులు మరుసటి వేసవికి ఏమి నేర్చుకొని ఉంటారు?

"ఏసీ కారులోనే కదా తిరిగేది!" అంటారు. దర్శనపు వరుసలోకి, గుహల మెట్ల మీదికి కారు రాదు. పైగా ఎండలో నిలిపిన కారులో వదిలిన ఇన్సులిన్ చెడిపోతుంది. "పొలాల్లో కూలీలు పని చేయడం లేదా?" అని మరికొందరు. ఎండకు శరీరం అలవాటు పడడానికి వారం నుండి రెండు వారాలు పడుతుంది. అలవాటైన కూలీలు కూడా వడదెబ్బకు చనిపోతూనే ఉన్నారు. అమెరికా నుండి జూన్ మొదట్లో దిగే మనుమలకు ఆ అలవాటు ఎక్కడిది?

డిసెంబరు, జనవరి నెలల్లో రండి. భవానీ దీక్షల విరమణ రోజుల రద్దీని మాత్రం తప్పించుకోండి. రోజుకు ఒక్క చోటు చాలు. వానాకాలం వద్దు. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బ్యారేజీ వద్ద వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. చలికాలమైనా పడవ దగ్గర ఏమరుపాటు కూడదు. 2017 నవంబరు 12, కార్తిక ఆదివారం నాడు ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ బోల్తా పడి 20 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఒంగోలు నుండి విహారానికి వచ్చినవారు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి. ఇచ్చినదాన్ని ఫొటో కోసం విప్పకండి.

ఇదంతా విని మా మేనల్లుడు, టిక్కెట్లు రద్దు చేస్తే డబ్బు పోతుందన్నాడు. వాళ్లమ్మ మందుల చీటీ ఒకసారి పంపమన్నాను. ఇంకా పంపలేదు.