పాత కంప్యూటరుని అటకెక్కించకండి!

ఊరెళ్ళిన ప్రతిసారీ సాఫ్ట్‌వేరోళ్ళకి తప్పని డ్యూటీ ఒకటుంది. "అబ్బయా, ఈ కంప్యూటరు నత్తలాగా ఉంది, రవంత చూడరా" అంటారు. మనం మూత కూడా తీయకుండా తీర్పిచ్చేస్తాం: "పాతదైపోయింది నాయనా, కొత్తది కొందాం." నా మటుకు నాకు ఈ తీర్పు అన్యాయం అనిపిస్తుంది.

మా కొండాపురం ఇంట్లోది నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. నాయన మీభూమిలో అడంగల్ చూసుకోడానికీ, అక్క కూతురు పైథాన్ నేర్చుకోడానికీ ఆ ప్రాసెసరు చాలు. అసలు దోషి హార్డు డిస్కు. పళ్ళెం తిరిగి, ముల్లు చోటు వెతుక్కునేసరికి సెకనుకి వంద చిల్లర చోట్ల చదివితే గొప్ప. సాటా ఎస్సెస్డీ అదే సెకనులో వేల చోట్ల చదివేస్తుంది. అందుకే ముందు ఎస్సెస్డీ, తర్వాత ఇంకో 4 జీబీ ర్యామ్ (డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 పట్టదు, చూసి కొనండి). మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉంటే మాత్రం దానికో దణ్ణం పెట్టేయండి :)

"విండోస్ 11 ఎక్కదుగా?" అంటారా? నిజమే, ఇంటెల్‌లో అది దాదాపు ఎనిమిదో తరం నుంచే అడుగుతుంది. విండోస్ 10 మామూలు సపోర్టేమో 2025 అక్టోబర్ 14తో ముగిసింది. లినక్స్ మింట్ వేయండి. బ్రౌజరు, లిబ్రెఆఫీసు, తెలుగు టైపింగు అన్నీ దొరుకుతాయి.

యంత్రం అరగలేదు, మనం రాసే సాఫ్ట్‌వేరే బరువెక్కింది. బరువు పెంచిన మనమే పాతదాన్ని పారేయమనడం ఏం న్యాయం? ఒక్క ఆదివారం స్క్రూడ్రైవరు పట్టుకుంటే పోయేదేముంది, ఏమంటారు?