నడక చాలన్నదెవరు?

"ఈ వయసులో స్పీడెందుకు మేడమ్? వాకింగ్ చాలు కదా!"

ఆర్నెల్ల క్రితం మా యూనివర్సిటీ మట్టి ట్రాక్ మీదికి మొదటిసారి వెళ్ళినరోజు, కుర్రాళ్ళకి శిక్షణ ఇస్తున్న ఒకాయన అన్నమాట ఇది. నాకు 34 ఏళ్ళు. తెలుగు కథల్లో స్త్రీ శరీరం మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నాను. సిద్ధాంత గ్రంథంలో 'శరీరం' అన్నమాట ఎన్ని వందలసార్లు రాశానో! నా శరీరం 400 మీటర్లు ఎంతసేపట్లో పరిగెత్తగలదో మాత్రం తెలియదు.

ఆ మాట ఆయన సొంతం కాదు. డాక్టర్లు, పత్రికల ఆరోగ్యం పేజీలు, ఇంట్లోవాళ్ళు అందరూ మనకి నడకే రాసిచ్చారు. బరువు తగ్గడానికి, సుగర్ రాకుండా ఉండడానికి, ఇంకో పాతికేళ్ళు ఇంటిల్లిపాదికీ వండిపెట్టడానికి నడక కావాలి. మన వేగంతో ఎవరికీ పనిలేదు. అందుకే అది అనవసరమైపోయింది.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారి స్త్రీలకి 800 మీటర్ల పరుగు పెట్టారు. ఫైనల్లో తొమ్మిదిమందీ గమ్యం చేరారు. అయినా ఆడవాళ్ళు సొమ్మసిల్లి పడిపోయారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. మళ్ళీ 1960 రోమ్ దాకా ఒలింపిక్స్‌లో ఆ పరుగు లేదు. మరి బాగా పరిగెత్తితే? 2014లో ద్యుతీచంద్‌ని హార్మోన్ల పేరుతో పోటీల నుంచి తప్పించారు. ఆమె పోరాడి 2015లో ఆ నిబంధనని నిలిపివేయించింది. పడిపోతే 'ఆడదానివి కదా' అంటారు, గెలిస్తే 'అసలు ఆడదానివేనా' అంటారు!

నేను చేసేది బ్రహ్మవిద్య కాదు. వారానికి రెండురోజులు, ముందు పది నిమిషాలు మెల్లగా పరుగు. తర్వాత ఒక రౌండు మాట్లాడలేనంత వేగంగా, అర రౌండు మెల్లగా. అలా ఆరుసార్లు. మధ్యలో ఊపిరి తీసుకునే వీలుంది కాబట్టే ఏకబిగిన నిలుపుకోలేని వేగం సాధ్యమవుతుంది. కొన్ని వారాలకి గుండె ఒక్కో స్పందనకీ ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. మొదట్లో రౌండుకి 2 నిమిషాల 20 సెకన్లు పట్టేది. ఇప్పుడు 1 నిమిషం 56. ఈ 24 సెకన్లు ఎవరి కోసమూ కాదు, నావి.

మనమూ తక్కువ తినలేదు. శరీరం గురించి మాట్లాడే ధైర్యాన్ని 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' ఇచ్చింది. ఆ ఋణం తీరేది కాదు. కానీ నేను చదివినంతలో మన రాతల్లో శరీరం ఎక్కువగా నొప్పిపడేది, మోసేది, కనేది. దమ్ము బిగబట్టి దూసుకుపోయే శరీరాన్ని మనం ఎందుకు రాయలేదు?

ఇదంతా తీరికున్న మధ్యతరగతి సరదా అంది ఒక స్నేహితురాలు. వరంగల్ జిల్లా కల్లెడలో కూలీల ఇంట పుట్టిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచింది. ఆ మాట ఆమెతో అనగలమా?

ఇంతకీ నా తగువు గేటుతో. మగపిల్లలు అయిదింటికే ట్రాక్ మీద ఉంటారు. ఆడపిల్లల హాస్టల్ గేటు ఆరున్నరకి గానీ తియ్యరు. అప్పటికి ఎండ ఎక్కుతుంది, క్లాసులు తరుముకొస్తాయి. అదేమంటే భద్రత అంటారు. భద్రతకి గ్రౌండ్‌లో దీపాలు వెయ్యాలి గానీ అమ్మాయిలకి తాళాలు వేస్తారా? ఏడుగురం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. జవాబు లేదు.

మీ క్యాంపస్‌లో గేటు ఎన్నింటికి తీస్తారో కనుక్కోండి. మీరూ అర్జీ పెట్టండి.