నాలుగు స్టార్లు చూసి ఊళ్లు దాటేస్తున్నారు

శనివారం పొద్దున సీతాఫల్‌మండి, వారాసిగూడ, నామాలగుండు గల్లీల్లోంచి బయల్దేరిన కార్లు తార్నాక మీదుగా ఉప్పల్ చేరి వరంగల్ రోడ్డెక్కుతాయి. యాదగిరిగుట్టకో, భద్రకాళి గుడికో, రామప్పకో. పోయే చోటు తేలాక తిండి సంగతి వస్తుంది. అప్పుడు ఈ మధ్య ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: "సిటీ దాటితే తినడానికేం దొరకదు, ఫోన్‌లో నాలుగు స్టార్ల పైనున్న హోటల్ చూసి ఆగుదాం." దీన్ని ముందుచూపు అనుకుంటున్నారు. భువనగిరి, ఆలేరు, జనగామ ఊళ్లలో జనం రోజూ వండుతున్నారు, తింటున్నారు, డబ్బిచ్చి హోటళ్లలోనూ తింటున్నారు. వాళ్ల నాలుకలను లెక్కలోంచే తీసేసిన ఈ మాట అబద్ధం, పైగా అవమానం.

ఆ స్టార్లు ఇచ్చేదెవరు? హైవే హోటల్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒక్కసారి తిని పోయేవాళ్లే. పులుసు నిన్నటిదైనా రేపొచ్చి నిలదీయరు. రేపు ఇంకో కారు ఆగుతుంది. చిన్న ఊళ్లో బస్టాండు పక్క మెస్‌కు వచ్చేది మార్కెట్ యార్డు గుమస్తా, బ్యాంకు ఉద్యోగి, కోర్టు వాయిదాకు వచ్చిన రైతు. పప్పు పలచనైతే అక్కడే మొహం మీద అంటారు, వారమంతా అలాగే ఉంటే పక్క మెస్‌కు పోతారు. వంటను నిలబెట్టేది ఆ భయమే. కానీ రోజూ తినేవాడు ఫోన్ తీసి అభిప్రాయం రాయడు. రాసేది దారిన పోయేవాడు. అతను మార్కులు వేసేది పార్కింగుకు, ఏసీకి, పిల్లల ఉయ్యాలకు. అందుకే హైవే హోటల్‌కు అభిప్రాయాలు కుప్పలు, మెస్‌కు పదో పరకో. దొంగ అభిప్రాయాల బెడద ముదిరి 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది; పాటించడం మాత్రం ఆ అభిప్రాయాలు చూపించే కంపెనీల ఇష్టానికే వదిలేసింది. డబ్బు తీసుకుని చేసిన వీడియోను ప్రకటన అని చెప్పి తీరాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే అంది. రీల్స్‌లో ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసేవాళ్లలో ఆ మాట చెప్పేవాళ్లు ఎందరు? జనం కార్లలో తిరిగితే టైర్లు అమ్ముడుపోతాయని 1900లో గైడు పుస్తకం వేసిన ఫ్రాన్సు మిషెలిన్ కంపెనీ కూడా, తర్వాత హోటళ్లకు స్టార్లు ఇచ్చేటప్పుడు తామెవరో చెప్పకుండా బిల్లు కట్టి తినే పరిశీలకులను పంపింది. మన ఫోన్‌లోని స్టారుకు ఆపాటి పూచీ కూడా లేదు.

అసలు ఒళ్లు మండేది పళ్లెంలోకి వచ్చేదాన్ని చూసి. ఘట్‌కేసర్ దాటినా, శామీర్‌పేట దాటినా, తూప్రాన్ దాటినా బోర్డులన్నీ ఒకటే: కుండ బిర్యానీ, అరబ్బీ మండి, రాజుగారి కోడి పులావు, బొంగులో చికెన్. బొంగు చికెన్ మారేడుమిల్లి, అరకు కొండల తిండి. ఆ కొండల్లో, ఆ వెదురులో తింటే దానికొక అర్థముంది. రాజుగారి పులావు గోదావరి జిల్లాల్లో గొప్ప వంట, కాదనను. దానికోసం కరీంనగర్ రోడ్డెక్కడం ఎందుకు? సీతాఫల్‌మండి ఇంట్లో కూర్చుని తెప్పించుకోవచ్చు. వంద కిలోమీటర్లు పెట్రోలు కాల్చేది ఆ దారిలోనే దొరికేదాని కోసం కావాలి. నిజామాబాద్ వైపు జొన్నరొట్టె ఉంది. వరంగల్, కరీంనగర్ వైపు సర్వపిండి, మక్క గారెలు ఉన్నాయి. బోటి, తలకాయ కూర, చుక్కకూర మటన్, పచ్చిపులుసు ఉన్నాయి. సర్వపిండికి బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, ఉల్లికాడలు కలిపి గిన్నెకు ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి సన్నని సెగ మీద కాల్చాలి. రెండొందల మంది కూర్చునే హాలులో పది నిమిషాల్లో అది రాదు. పచ్చిపులుసుకు చింతపండు, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ చాలు. అంత చవకదానికి పెద్ద రేటు వేయలేరు కనక మెనూలో చోటే లేదు. తప్పు హోటల్ యజమానిది అనలేం. స్టార్లు వెతికేవాడు తనకు ముందే తెలిసిన పేర్లే అడుగుతాడు, యజమాని అవే రాయిస్తాడు. మన వంటకు గౌరవం ఏదని తెలంగాణ ఉద్యమంలో అడిగాం. రాష్ట్రం 2014లో వచ్చింది. ఇవాళ మన దారి మీద మన కూర దొరకకపోతే ఎవరిని అడగాలి?

శుభ్రత సంగతేమిటంటారు. 2024 ఏప్రిల్ నుంచి ఆహార భద్రతా విభాగం బృందాలు హైదరాబాద్‌లో పేరున్న హోటళ్ల వంటగదుల్లోకి వెళ్తే గడువు తీరిన సరుకులు, బొద్దింకలు బయటపడ్డాయి. ఆ ఏడు అక్టోబరు చివర పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్‌ను రాష్ట్రమంతటా ఏడాదిపాటు నిషేధించాల్సి వచ్చింది. పెద్ద బోర్డు శుభ్రతకు హామీ కాదని ఇంతకంటే ఎలా చెప్పాలి? మెస్‌లో పొయ్యి కళ్లెదుటే ఉంటుంది; పొద్దున వండింది మధ్యాహ్నం రెండున్నరకు అయిపోతుంది, దాచడానికి మిగలదు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఏదన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. పెట్రోలు బంకులు దాన్ని అందరికీ ఉంచాలి. శుభ్రంగా లేకపోతే గట్టిగా అడగాల్సింది అక్కడ. ఆ ఒక్క అవసరానికి భోజనాన్ని కూడా తాకట్టు పెట్టడం అన్యాయం. బస్సులు ఆగే చోట తిండి బాగుంటుందన్న పాత నమ్మకం ఒకటుంది, అదీ చెల్లదు. చాలా బస్సులు ఎక్కడ ఆగాలో హోటల్‌తో కుదిరిన ఏర్పాటు చెబుతుంది, ప్రయాణికుడి నాలుక చెప్పదు.

మరి మంచి తిండి ఎలా దొరుకుతుంది? ఆర్మూర్ దగ్గర అంకాపూర్ ఉంది. విత్తనాల సాగుకు పేరుపడ్డ ఊరు. అక్కడి దేశీ కోడి కూర రీల్స్ రాకముందే మనుషుల నోటి మాట మీద హైదరాబాద్ దాకా వచ్చింది. ముందే ఫోన్ చేసి ఎన్ని కిలోలో చెబితే, వచ్చేసరికి కోడి కోసి, వండి, అన్నంతో పెడతారు. ఇప్పుడు నగరంలో ఎన్నో హోటళ్లు ఆ ఊరి పేరునే బోర్డుకెక్కించుకున్నాయి. అన్ని ఊళ్లకూ ఇంత పేరుండదు. అలాంటి చోట బైపాస్ వదిలి పాత రోడ్డున ఊళ్లోకి పోవాలి, ఎరువుల దుకాణంలోనో మటన్ షాపులోనో "మీరెక్కడ తింటారు?" అని అడగాలి. "ఇంట్లో" అనడం ఖాయం కాబట్టి, ఇంట్లో వండని రోజు ఎక్కడ తింటారో అడగాలి. ఆదివారం కోర్టుల దగ్గరి మెస్‌లు మూస్తారన్నది నిజమే; ఆ రోజు బస్టాండు పక్కవి చూసుకోవాలి, లేదా ప్రయాణమే శనివారం పెట్టుకోవాలి. పదింటికి తార్నాక దాటితే, మధ్యలో టీకి ఆగినా, మెస్‌లో మొదటి వాయి అన్నం దించే వేళకు జనగామలో ఉంటారు.